నీలం కుర్చీల వూరు

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



విదేశాల్లో సముద్రతీరం అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది సినిమా పాట. నాయికా నాయకులు ఇసుకలో పరుగెడుతుంటారు, వెనకాల తెల్లటి పడవలు తేలుతుంటాయి, పాట అయిపోతుంది. ఆ వూళ్ళో కాపురాలున్నాయా, వుంటే వాళ్ళేం వండుకుంటారు, ఉతికిన బట్టలెక్కడ ఆరేసుకుంటారు అన్న సంగతి ఆ పాట చెప్పదు. మనకేమో ముందు కావలసినవి అవే! అందుకని ఈవేళ అటువంటి వూరొకదాన్ని గురించి, నేను చూసినంతవరకు, నాలుగు మాటలు చెబుతాను.

ఫ్రాన్సు దేశానికి దక్షిణపు అంచున, మధ్యధరా సముద్రపు ఒడ్డున, ఇటలీ సరిహద్దుకు దాదాపు 30 కిలోమీటర్ల ఇవతల నీస్ అనే వూరుంది. చిన్న పల్లె కాదు, మూడు లక్షలకు పైగా జనం వున్న పట్టణం. మా చెల్లెలూ, ఆమె భర్తా ఉద్యోగరీత్యా ఆ దేశంలో వుంటున్నారు. వాళ్ళతోపాటు ఒక జూన్ నెలలో ఆరు రోజులు ఆ వూళ్ళో వున్నాను. విమానంలో వెళితే సముద్రం మీదికే దిగుతున్నామా అనిపిస్తుంది, ఎందుకంటే విమానాశ్రయంలో కొంత భాగం సముద్రాన్ని పూడ్చి కట్టిందే. మేం మాత్రం రైల్లో వెళ్ళాం. స్టేషను నుంచి తిన్నగా నడిస్తే పావుగంటలో సముద్రం కనిపిస్తుంది. ఆ అఖాతానికి వాళ్ళు పెట్టుకున్న పేరు దేవదూతల అఖాతం. నీటి రంగు నిజంగానే సినిమాలో చూపించిన రంగే. ఆ ఒక్క విషయంలో సినిమావాళ్ళు అబద్ధమాడలేదు.

కానీ ఇసుక ఏదీ? ఇసుక లేదమ్మా! ఒడ్డంతా గులకరాళ్ళు. కోడిగుడ్డంతవి, ఉల్లిపాయంతవి, బూడిదరంగువి. అల వచ్చి వెనక్కి వెళ్ళేటప్పుడు ఆ రాళ్ళన్నీ ఒకదానిమీద ఒకటి దొర్లి, చేటలో కందులు చెరిగినట్టు చప్పుడవుతుంది. వినడానికి హాయిగానే వుంటుంది గాని వుత్త కాళ్ళతో నడిస్తే అరికాళ్ళు మండిపోతాయి. నీళ్ళలో దిగే వుద్దేశం వున్నవాళ్ళు రబ్బరు జోళ్ళు కొనుక్కోవాలి, అక్కడి దుకాణాల్లోనే దొరుకుతాయి. ఇంకో సంగతి కూడా జ్ఞాపకం వుంచుకోండి. అక్కడ నాలుగడుగులు వేసేసరికి లోతు వచ్చేస్తుంది. పిల్లల చెయ్యి వదలకూడదు. నేను చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపుకుని, అంచున కూర్చుని పాదాలు తడుపుకున్నాను. చుట్టూ స్నానాల దుస్తుల్లో జనం. వాళ్ళలో పడుచువాళ్ళే వుంటారనుకోకండి. డెబ్భై ఏళ్ళ అవ్వలు, ఆపరేషను మచ్చలున్నవాళ్ళు, నా అంతా నాకు రెండింతలూ వున్నవాళ్ళు నింపాదిగా నీళ్ళలోకి నడిచి వెళ్ళి, ఈదుకుని, వచ్చి ఎండలో ఆరుతున్నారు. వాళ్ళని ఎవరూ వింతగా చూడరు. నిజం చెప్పొద్దూ, అక్కడ వింతగా కనిపించేది ఎవరైనా వుంటే అది నేనే, ఆరు గజాల చీరతో! నన్ను కూడా ఎవరూ చూడలేదు.

ఒడ్డు వెంట 7 కిలోమీటర్ల పొడవున విశాలమైన నడకదారి వుంది. దాని పేరు ‘ప్రొమెనాద్ దెజాంగ్లే’, అంటే ఇంగ్లీషువారి విహారమార్గం అన్నమాట. ఫ్రెంచివాళ్ళ వూళ్ళో ఇంగ్లీషువారి పేరేమిటా అని మీకు సందేహం రావచ్చు. పూర్వం ఆ వూరు ఫ్రాన్సుది కాదు. సవోయ్ ప్రభువుల ఏలుబడిలో వుండేది. 1860 లోనే ఫ్రాన్సులో కలిసింది. అంతకు ఎంతో ముందునుంచీ ఇంగ్లండులోని ధనవంతులు చలికాలం గడపడానికి అక్కడికి వచ్చేవాళ్ళు. దగ్గూ ఆయాసమూ వున్నవాళ్ళకు డాక్టర్లు అక్కడి ఎండ మందుగా రాసి పంపేవారు. చూడండి, ఆ రోజుల్లో ఎండాకాలంలో ఆ ఒడ్డున వుండేవాడు లేడు! ఇప్పుడు జనం ఎగబడే జులై, ఆగస్టు నెలల్లో అప్పటి హోటళ్ళు తలుపులు మూసుకునేవి.

1820ల మొదట్లో ఒక ఏడాది ఆ ప్రాంతంలో కూలీనాలీ లేక బీదజనం వీధిన పడ్డారు. అప్పుడు లూయిస్ వే అనే ఇంగ్లీషు మతాచార్యుడు తోటి ఇంగ్లీషువారి దగ్గర చందాలు పోగుచేసి, వాళ్ళచేత సముద్రం వెంట ఒక కాలిబాట వేయించాడు. మన పెద్దవాళ్ళు ‘కరువు పనులు’ అనేవారే, అటువంటిదన్నమాట. రెండు మీటర్ల వెడల్పు వుండేదట ఆ బాట. ఇవాళ దానిమీద సైకిళ్ళు తొక్కేవాళ్ళూ, చక్రాల జోళ్ళతో జారేవాళ్ళూ, పిల్లల బండి తోసుకెళ్ళే తల్లులూ, చెయ్యీ చెయ్యీ పట్టుకున్న ముసలి దంపతులూ నడుస్తుంటే, దీని పునాది ఆకలిగొన్నవాళ్ళు మోసిన రాళ్ళని ఎవరికి గుర్తుంటుంది? గొప్పవాళ్ళ పేరు దారికి మిగిలింది. మోసినవాళ్ళ పేర్లు లేవు. ఎక్కడైనా అంతే కాబోలు.

1864 లో రైలు వచ్చింది. ఆ తరువాత రాజులూ రాణులూ కూడా వచ్చారు. విక్టోరియా మహారాణి తన చివరి రోజుల్లో, 1895 నుంచి 1899 దాకా, ఏటా ఇక్కడి కొండమీద సిమియే అనే పేటలో బస చేసేది. ఆవిడ వస్తుందని ఏకంగా ఒక హోటలే కట్టారు. మనకు సంబంధించిన సంగతి ఒకటుంది. ఆవిడకు ఉర్దూ నేర్పిన మున్షీ అబ్దుల్ కరీం కూడా వెంట వెళ్ళేవాడు. 1897 లో ఆయన్ని తీసుకువెళితే మేం రాం అని రాణిగారి పరివారమంతా అలిగి కూర్చున్నారు. రాణి లొంగలేదు. మున్షీ వెళ్ళాడు. ఆ హోటలు ఇప్పుడు అపార్టుమెంట్లు. మాతిస్ అనే గొప్ప చిత్రకారుడు కూడా కొంతకాలం అందులో వుండి, 1954 లో ఆ వూళ్ళోనే కన్నుమూశాడు. ఆయన బొమ్మల మ్యూజియం ఆ పక్కనే. బొమ్మలు అర్థం కాకపోయినా ఫరవాలేదు, రంగులు చూసి రావచ్చు.

మామూలు మనుషులు ఎప్పుడొచ్చారు అంటారా? 1936 లో. ఆ ఏడాది ఫ్రాన్సులో కార్మికులు పెద్ద సమ్మె చేశారు, కొత్త ప్రభుత్వం చట్టం చేసింది. పనిచేసే ప్రతివాడికీ ఏడాదికి రెండు వారాలు జీతంతో సెలవు. రైలు టిక్కెట్లలో రాయితీ కూడా ఇచ్చారు. అంతవరకూ సముద్రం మొహం ఎరగని ఫ్యాక్టరీ కూలీలు పెళ్ళాంబిడ్డలతో రైలెక్కి ఈ తీరాలకు రావడం మొదలయింది. ఇది చదివినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది. ఆ వెంటనే ఒక అనుమానం కూడా. ఫ్యాక్టరీలో మగాయనకి రెండు వారాలు సెలవిచ్చారు సరే, ఇంట్లో ఆడమనిషికి ఎవరిచ్చారు? ఆ చట్టంలో ఆవిడ వూసు వుందా? ఒడ్డున కూర్చుని చూస్తే జవాబు కళ్ళెదుటే కనిపించింది. తండ్రి తువ్వాలు పరుచుకుని టోపీ మొహాన బోర్లించుకున్నాడు. తల్లి సంచీలోంచి రొట్టెలు తీసి పంచుతోంది, చిన్నవాడి వీపుకు ఎండ మందు రాస్తోంది, పెద్దదాని తడిబట్టలు పిండుతోంది. అంత దూరం వచ్చినా ఆ సంచీ మాత్రం ఆవిడ భుజం దిగలేదు. ఇది ఫ్రెంచి సంసారమా, మన సంసారమా అని మా చెల్లెల్ని అడిగాను. నవ్వి వూరుకుంది.

ఆ వూళ్ళో రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఫిరంగి పేల్చినట్టు పెద్ద చప్పుడవుతుంది. మొదటిరోజు నాకు గుండె ఆగినంత పనయింది. దీనికొక కథ చెబుతారు. 1860ల్లో థామస్ కవెంట్రీ మోర్ అనే స్కాట్లండు పెద్దమనిషి భార్యాసమేతంగా అక్కడ చలికాలం గడిపేవాడు. ఆవిడకు పొద్దున్నే షికారుకు వెళ్ళడం, కనిపించినవాళ్ళతో కబుర్లు చెప్పడం అలవాటు. ఆ కబుర్లలో పడి మధ్యాహ్నభోజనం సంగతి మరిచిపోయేదట. కాలే కడుపుతో ఎదురుచూసి విసిగిపోయిన ఆయన, ఇంటికి రావలసిన వేళయిందని ఆవిడకు తెలియడానికి, వూరి పెద్దల్ని ఒప్పించి కొండమీదనుంచి ఫిరంగి పేల్పించడం మొదలుపెట్టాడు. ఆయన వెళ్ళిపోయాక జనమే అది కావాలన్నారు. 1875 లో మునిసిపాలిటీవారు దాన్ని తామే చేపట్టి ఇప్పటికీ నడుపుతున్నారు. కథ విని అందరూ ఆ కబుర్ల ఇల్లాలిని తలుచుకుని నవ్వుతారు. నాకు తోచింది వేరు. ఫిరంగి తెప్పించడానికి పడ్డ శ్రమలో పదోవంతు పడితే, ఆ మహానుభావుడు రెండు గుడ్లు ఉడకేసుకుని తినేవాడు గదా!

పాత వూరు సముద్రానికి పక్కనే వుంటుంది. ఇద్దరు ఎదురుపడితే తప్పుకోవలసినంత సన్నటి సందులు, పసుపూ కావిరంగూ పూసిన ఎత్తయిన మేడలు, కిటికీలకు ఆకుపచ్చ తలుపులు. ఆ కిటికీలకు తాళ్ళు కట్టి బట్టలారేశారు! దుప్పట్లు, లంగోటాలు, పిల్లల చొక్కాలు అన్నీ. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ వూరి చాకిరేవు కథ కూడా విన్నాను. ఊరి మధ్యలోంచి పైయోన్ అనే చిన్న నది పారుతుంది. పూర్వం ఆడవాళ్ళు దాని గుండంతా పరుచుకున్న రాళ్ళమీద బట్టలుతికేవారు. ఏడాదిలో ఎక్కువ రోజులు సన్నగా పారే ఆ నది కొండల్లో వాన పడితే ఒక్కసారిగా పొంగి వచ్చేది. అప్పుడు ఎగువనుంచి గుర్రమెక్కిన మనిషి ‘పైయోన్ వస్తోంది’ అని కేకలు వేస్తూ వచ్చి వాళ్ళని హెచ్చరించేవాడట. ఇప్పుడా నదిని కప్పేశారు. 2013 లో దానిమీద పొడుగాటి తోట తెరిచారు. నేలలోంచి చిమ్మే నీళ్ళలో పిల్లలు కేరింతలు కొడుతుంటారు. కింద నది వుందని కూడా తెలియదు.

ఆ వూరి వీరనారి కూడా చాకలి స్త్రీయే. పేరు కాతరీన్ సెగురాన్. 1543 లో టర్కీవారి ఓడలూ, ఫ్రాన్సు రాజు సైన్యమూ కలిసి వూరిని ముట్టడించినప్పుడు, ఆవిడ బట్టలు బాదే కర్రతో కోటగోడ మీదికి ఎక్కినవాడిని ఒక్క దెబ్బ వేసి, జెండా లాక్కుందని చెబుతారు. ఇది నిజంగా జరిగిందో లేదో అని చరిత్రకారులు సందేహిస్తారు. వూరివాళ్ళకా సందేహం లేదు. పాత వూళ్ళో ఆవిడ శిలాఫలకం వుంది, చేతిలో కర్రతో సహా.

ఇక తిండి సంగతికి వద్దాం. కూర్ సలేయా అనే వీధిలో చారల గుడ్డ పందిళ్ళ కింద పొద్దున్నే పూలూ, కూరగాయలూ అమ్ముతారు. సోమవారం నాడు మాత్రం వాటి బదులు పాత సామాన్ల అంగళ్ళు పెడతారు. వంకాయలూ, గుమ్మడిపూలూ, కట్టలు కట్టిన తులసి వంటి ఆకూ చూస్తే సంచీ లేకుండా వచ్చామే అనిపిస్తుంది. ఒక ముఖ్యమైన మాట. దుకాణంలో అడుగు పెట్టగానే ముందుగా ‘బోంజూర్’ అనాలి. ‘ఇదెంత?’ అని తిన్నగా బేరంలోకి దిగితే వాళ్ళకు చెడ్డ కోపం. బోంజూర్ అని చూడండి, పండు కోసి రుచి చూపిస్తారు.

ఆ సందుల్లోనే ‘సొక్కా’ తిన్నాను. సొక్కా అంటే మరేమిటో కాదు, మన శనగపిండి అట్టు! శనగపిండిలో నీళ్ళూ, ఉప్పూ, ఆలివ్ నూనే కలిపి జారుగా చేసి కాసేపు నాననిస్తారు. బండిచక్రమంత రాగిపళ్ళెంలో పలచగా పోసి కట్టెల పొయ్యి గూట్లోకి తోస్తారు. పైన మాడీ మాడకుండా, లోపల మెత్తగా కాలాక చెక్కేసి, ముక్కలుగా కాగితంలో పెట్టి, మిరియాలపొడి చల్లి ఇస్తారు. పూర్వం కూలిపనివాళ్ళ ఫలహారం అది, ఇప్పుడు మహారాజులకూ అదే. ఇంట్లో చెయ్యాలంటే కప్పు శనగపిండికి ఒకటిన్నర కప్పు నీళ్ళు, రెండు చెంచాల నూనె కలిపి గంట నానబెట్టి, మందపాటి పెనం బాగా కాలాక పలచగా పొయ్యండి. మేం ఇంటికొచ్చాక చేసుకున్నాం, బాగానే వచ్చింది. మా ఇంట్లో పచ్చిమిరపకాయ వేసుకున్నారనుకోండి, అది వేరే సంగతి. శాకాహారులకు ఇంకొక హెచ్చరిక. ఉల్లిపాయలు పరిచిన ‘పిసలాదియేర్’ అనే రొట్టె చూడ్డానికి నోరూరిస్తుంది గాని దానిలో ఉప్పుచేప వుంటుంది. హోటల్లో మంచినీళ్ళ సీసా అడిగితే బిల్లు పడుతుంది. ‘కరాఫ్ దో’ అంటే కుళాయినీళ్ళు కూజాలో వూరికే తెచ్చిపెడతారు, అవి శుభ్రమైనవే.

ఆ వూరి పేరుతో వున్న సలాడు కూడా ప్రసిద్ధమే. దానిలో ఉడికించిన దుంప గాని కూర గాని వేస్తే పాపం చుట్టుకుంటుందన్నంత పట్టుదల అక్కడివారికి. జాక్ మెద్సాన్ అని ఆ వూరికి 1966 నుంచి 1990 దాకా మేయరుగా వున్నాయన 1972 లో వంటల పుస్తకం రాసి మరీ ఆ సంగతి గట్టిగా చెప్పాడు. సలాడు విషయంలో అంత నిష్ఠాగరిష్ఠుడైన ఆ పెద్దమనిషి వూరి డబ్బు విషయంలో కాలేకపోయాడు. అవినీతి కేసులకు భయపడి దేశం వదిలి పారిపోయాడు, తరువాత పట్టుబడి శిక్షపడింది. పుస్తకం మాత్రం మంచిదే అంటారు!

నడకదారి మీద గులాబీరంగు గుమ్మటంతో ‘నెగ్రెస్కో’ అనే పెద్ద హోటలు కనిపిస్తుంది. 1913 లో తెరిచారు. మొదటి ప్రపంచయుద్ధంలో అది గాయపడ్డ సైనికుల ఆసుపత్రి అయింది, కట్టినాయన దివాలా తీశాడు. 1957 లో దాన్ని తండ్రితో కలిసి కొన్న జాన్ ఓజియే అనే ఆవిడ, 2019 లో చనిపోయేదాకా అరవై ఏళ్ళకు పైగా దానికి యజమానురాలు. లోపల కాఫీ తాగే ధైర్యం చెయ్యలేదు, బయటనుంచి చూసి వచ్చాం. ఈ దారిమీదే 1927 సెప్టెంబరులో ఇసడోరా డంకన్ అనే పేరుపొందిన నర్తకి, మెళ్ళో వేసుకున్న పొడుగాటి కండువా మోటారుకారు చక్రంలో చుట్టుకుని ప్రాణం పోగొట్టుకుంది. స్కూటరు వెనక కూర్చునే మన ఆడపిల్లల పైటా చున్నీ గుర్తుకొచ్చి వొళ్ళు జలదరించింది. ఇంట్లో పిల్లలకు చెప్పండి.

అంతకన్నా పెద్ద దుఃఖం కూడా ఈ దారి చూసింది. 2016 జులై 14, ఫ్రెంచివారి జాతీయ దినం. రాత్రి బాణసంచా చూసి పిల్లాపాపలతో ఇళ్ళకు మళ్ళుతున్న జనం మీదికి ఒక దుర్మార్గుడు లారీ తోలాడు. 86 మంది పోయారు. వాళ్ళలో పసివాళ్ళూ వున్నారు. ఇప్పుడు రోడ్డుకూ నడకదారికీ మధ్య ఇనుపస్తంభాలు పాతారు. పోయినవారికి స్మారకచిహ్నం వుంది. దాని దగ్గర ఎవరో చిన్న బొమ్మ ఎలుగుబంటిని పెట్టి వెళ్ళారు. నేను ఎక్కువసేపు నిలవలేకపోయాను. వూరివాళ్ళు మాత్రం ఆ దారిని వదిలిపెట్టలేదు. ఏ చోట జరిగిందో ఆ చోటే పిల్లల్ని నడిపిస్తున్నారు.

చివరికి కుర్చీల సంగతి. ఆ నడకదారి పొడుగునా సముద్రంకేసి మొహం పెట్టి నీలంరంగు కుర్చీలు వేసి వుంటాయి. డబ్బు అక్కర్లేదు, ఏమీ కొనక్కర్లేదు. ఎవరైనా, ఎంతసేపైనా కూర్చోవచ్చు. కింద ఒడ్డున కొన్నిచోట్ల హోటళ్ళవారి పడక కుర్చీలు వున్నాయి, వాటికి బాగానే గుంజుతారు. వాటి జోలికి పోకండి. సముద్రం ఇద్దరికీ ఒకటే.

మేం రోజూ పొద్దున్న పదకొండు గంటల వేళ అక్కడ చేరేవాళ్ళం. ఆ వేళకే ఒక పెద్దావిడ ఒంటరిగా వచ్చేది. డెబ్భై అయిదు దాటి వుంటాయి. ఇస్త్రీ గౌను, పెదాలకు రంగు, చేతిలో కూరల సంచీ, అందులోంచి ఆకుకూర కాడలు బయటికి కనిపిస్తూ. వచ్చి, మాకు బోంజూర్ చెప్పి, సంచీ కాళ్ళ దగ్గర పెట్టి కూర్చునేది. అల్లిక లేదు, పుస్తకం లేదు, చేతిలో ఫోను లేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని సముద్రం చూసేది, అంతే. ఒక్కతే ఎందుకొచ్చింది, కొడుకూ కోడలూ ఏరి అని అడిగేవాళ్ళు అక్కడ లేరు. నాకు అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది, మా చెల్లెలు మోచేత్తో పొడిచింది.

నేను ఆవిణ్ణి చూసి అలా కూర్చోవాలని ప్రయత్నించాను. మీరూ ప్రయత్నించి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. రెండు నిమిషాలు కాగానే పాలు తోడు పెట్టారో లేదో, పనిమనిషి వచ్చిందో లేదో అని వేల మైళ్ళ అవతలి వంటిల్లు కళ్ళముందుకొస్తుంది. చేతులు వూరికే వుండవు, పైట కొంగు చివర మడతలు పెడుతూనే వుంటాయి. నాలుగో రోజుకు గాని నాకు కాస్త పట్టుబడలేదు. ఆ రోజు ఫిరంగి పేలితేగాని పన్నెండయిందని తెలియలేదు. పావురాలు గుప్పున లేచాయి. పెద్దావిడ కదల్లేదు. మరో అరగంట కూర్చుని, సంచీ అందుకుని, మాకు తలవూపి పాత వూరివైపు నడిచివెళ్ళింది. వంట అప్పుడు మొదలుపెడుతుంది కాబోలు. ఇక వెళదామా అంది మా చెల్లెలు. ఇంకాసేపు వుందాం అన్నాను.